కాలు గీత దాటిందా? కబడ్డీ కోర్టు పక్కన ఉచిత రీప్లే సెట్టు ఎంతవరకు నమ్మొచ్చు

సంక్రాంతి దగ్గర పడితే ఒంగోలు నుంచి కావలి దాకా హైవేకి అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో హైస్కూలు గ్రౌండ్లకి లైట్లు కడతారు. కబడ్డీ రాత్రంతా సాగుతుంది. గొడవ మాత్రం ఎప్పుడూ ఒకటే. "కాలు గీత తొక్కింది" అని వీళ్ళు, "యాడ తొక్కింది సార్, గాల్లోనే ఉందే" అని వాళ్ళు. జనంలోంచి ఒకడు ఫోన్లో తీసిన వీడియో పట్టుకుని అంపైర్ మీదికి వస్తాడు. ఎదుటి ఊరివాడు ఇంకో ఫోన్ తీస్తాడు. కాలు ఒకటే, గీత ఒకటే, రెండు ఫోన్లలో రెండు తీర్పులు. ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీల్లో ఈ బాధ లేదు. టేపు పెట్టి అడుగులూ అంగుళాలూ చదివితే ఎవరూ నోరెత్తరు. కబడ్డీకి అలాంటి టేపు ఉంటే బాగుండునని కమిటీ వాళ్ళు రీప్లే వైపు చూస్తున్నారు.

ఇక్కడ చూడబోయేది లక్షలు పోసి తెచ్చే యంత్రం కాదు. రెండు వెబ్‌కామ్‌లు, ఒక విండోస్ ల్యాప్‌టాప్, రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు. రికార్డింగుకి ఓబీఎస్ స్టూడియో, ఫ్రేము వెంట ఫ్రేము చూడటానికి కినోవియా. తీర్పు ముందే చెప్పేస్తే: గీతల తగాదాలకి ఈ సెట్టు బాగా పనికొస్తుంది, టచ్‌లకి సగం కూడా పనికిరాదు, కూత ఆగిందా లేదా అన్నదానికి అసలు పనికిరాదు. ఇంకొకటి. కెమెరాలు కొనే ముందే కమిటీ దగ్గర ఒక కాగితం ఉండాలి, వీడియోని ఏ ప్రశ్నలు అడగొచ్చో రాసిన కాగితం. అది లేకపోతే ఎంత మంచి కెమెరా తెచ్చినా కొత్త గొడవే. రగ్బీని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది, అక్కడికి తర్వాత వద్దాం. ముందు సామాను.

వెబ్‌కామ్ అంటే లాజిటెక్ సీ920 లాంటిది చాలు: 1080పి, సెకనుకు 30 ఫ్రేములు. ముప్పై ఫ్రేములతో సరిపోతుందా అని అందరూ అడుగుతారు. లెక్క వేద్దాం. ఊపు మీదున్న కాలు సెకనుకు 5 మీటర్లు పోతుందనుకుంటే, ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య దాదాపు 17 సెంటీమీటర్లు జరిగిపోతుంది. కబడ్డీ గీత వెడల్పు 3 నుంచి 5 సెంటీమీటర్లే. అంటే గాల్లో ఉన్న కాలు ఏ క్షణాన గీత మీదుగా వెళ్ళిందో ఈ కెమెరా చెప్పలేదు. కానీ నేలకి ఆనిన కాలు వేరు. ఆనిన పాదం అక్కడ కాసేపు నిలబడుతుంది, రెండు మూడు ఫ్రేముల్లో కదలకుండా దొరుకుతుంది. గీతల తీర్పుకి ఈ సెట్టు పనికొచ్చేదీ, టచ్‌కి పనికిరానిదీ ఇందుకే. డిఫెండర్ వేలు రైడర్ జెర్సీకి తగిలి వచ్చేయడం రెండు ఫ్రేముల సందులో జరిగిపోగలదు. తగిలిన ఫ్రేము కనబడలేదంటే తగల్లేదని కాదు, కెమెరా అప్పుడు కన్ను మూసుకుని ఉందని.

సెకనుకు 60 ఫ్రేముల కెమెరా తెస్తే ఆ 17 కాస్తా 8కి దిగుతుంది. తేడా నిజంగానే తెలుస్తుంది. అయితే ఓబీఎస్‌లో వీడియో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫ్రేమ్ రేటు కూడా 60కి మార్చాలి. అది 30 మీద ఉండిపోతే, డబ్బు పెట్టి కొన్న ఫ్రేముల్లో సగం పారబోసినట్టే. ఈ పొరపాటు చాలా మామూలు, ఎందుకంటే తెర మీద బొమ్మ చూస్తే ఏ తేడా కనపడదు.

రాత్రి మ్యాచుల్లో అసలు శత్రువు లైట్లు. వెబ్‌కామ్ చీకటి అనుకుంటే తనంతట తానే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఫ్రేములు కూడా 30 నుంచి 15కి తగ్గించేస్తుంది. కాలు స్థానంలో దూదిపింజ కనిపిస్తుంది. అందుకని ఓబీఎస్‌లో కెమెరా మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో కాన్ఫిగర్ వీడియో తెరిచి మూడు పనులు చేయాలి. లో లైట్ కాంపెన్సేషన్ టిక్కు తీసేయాలి. పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ 60 మీద ఉంటే 50 హెర్ట్జ్‌కి మార్చాలి, మన కరెంటు 50. ఎక్స్‌పోజర్ ఆటో తీసేసి చేత్తో పెట్టాలి. అక్కడ మైనస్ అంకెలు కనిపిస్తాయి: మైనస్ 5 అంటే సెకనులో 32వ వంతు, మైనస్ 6 అంటే 64వ వంతు, మైనస్ 7 అంటే 128వ వంతు. రాత్రికి మైనస్ 7 సరి. బొమ్మ కొంచెం చీకటిగా ఉంటుంది, ఉండనివ్వండి. అందమైన మసకబారిన కాలు కన్నా నల్లగా ఉన్నా అంచు తెలిసే కాలు మేలు.

మైనస్ 8, 9 దాకా వెళితే ఇంకా పదునుగా వస్తుంది కదా అంటే, అక్కడ లైట్లు అడ్డం తిరుగుతాయి. 50 హెర్ట్జ్ కరెంటు మీద చవక ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంది. మన కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ మరీ వేగంగా పెడితే కొన్ని ఫ్రేముల్లో అడ్డంగా నల్ల పట్టీలు పడతాయి, సరిగ్గా కావాల్సిన కాలు ఆ పట్టీలోనే ఇరుక్కుంటుంది. జనరేటర్ మీద నడుపుతుంటే ఫ్రీక్వెన్సీ ఖచ్చితంగా 50 మీద నిలవదు కాబట్టి ఆ పట్టీలు మెల్లగా పైకీ కిందికీ పాకుతుంటాయి. సాయంత్రం ఆరింటికే లైట్లు వేయించి, కోర్టులో ఒకణ్ణి పరిగెత్తించి, ఆ క్లిప్పు ఆపి చూసుకోవాలి. మ్యాచ్ మొదలయ్యాక ఇది కుదరదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, కెమెరా ఎక్కడ పెట్టాలి. కమిటీలు చేసే తప్పు దాదాపు ఒకటే ఉంటుంది: నడిగీత కొసన ఎత్తుగా ఒక కెమెరా కట్టి, "కోర్టంతా కనపడతంది కదన్నా" అనుకోవడం. కోర్టంతా కనపడుతుంది, గీతలు అబద్ధం చెబుతాయి. ఎందుకో చూడండి. మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. నడిగీత నుంచి బాక్ లైన్ (రైడర్ దాటాల్సిన గీత) 3.75 మీటర్లు, అక్కడి నుంచి బోనస్ లైన్ (కాలు దాటించి అదనపు పాయింటు తెచ్చుకునే గీత) ఇంకో మీటరు. అంటే నడిగీత కొసనున్న కెమెరాకి బోనస్ లైన్ 4.75 మీటర్లు పక్కకి ఉంటుంది. గాల్లో ఉన్న పాదం ఆ కోణంలోంచి చూస్తే ఉన్నచోట కాక కాస్త అవతల కనిపిస్తుంది. ఎంత అవతల అంటే: పాదం ఎత్తుని, కెమెరాకీ ఆ గీతకీ మధ్య పక్కదూరంతో హెచ్చించి, కెమెరా ఎత్తుతో భాగించాలి. 5 సెంటీమీటర్లు లేచిన పాదం, 4.75 మీటర్ల పక్కదూరం, 3 మీటర్ల ఎత్తు కెమెరా. 8 సెంటీమీటర్లు వస్తుంది. గీత వెడల్పు కన్నా ఎక్కువ. పైగా ఆ తప్పు ఎప్పుడూ రైడర్ వైపే, దాటని వాడు కూడా దాటినట్టు కనిపిస్తాడు. ఫోన్ వీడియోలు రెండు రకాలుగా తీర్పు చెప్పడం వెనక మాయ ఇదే, రెండు ఫోన్లూ చెరో కోణంలో ఉన్నాయి, అంతే.

కాబట్టి రెండు కెమెరాలు కోర్టుకి ఒకే పక్కన, రెండు బోనస్ లైన్ల సూటిలో, సైడ్ లైన్‌కి 3 మీటర్లు వెనక, 3 మీటర్ల ఎత్తున పెట్టాలి. గీత తెరలో నిలువుగా సూది దారంలా కనపడాలి. అలా పెడితే బోనస్ లైన్ దగ్గర పక్కదూరం సున్నా, తప్పు సున్నా. అదే కెమెరాకి బాక్ లైన్ మీటరు పక్కన ఉంటుంది, 5 సెంటీమీటర్లు లేచిన కాలికి తప్పు 2 సెంటీమీటర్ల లోపే. ఎండ్ లైన్ 1.75 మీటర్ల దూరం, తప్పు 3 సెంటీమీటర్లు. ఈ మూడు గీతలకీ నమ్మొచ్చు. నడిగీతకి మాత్రం ఈ కెమెరాలు రెండూ పనికిరావు, ఆ గీతకి అంపైర్ కన్ను ఎలాగూ దగ్గరగానే ఉంటుంది. మూడో కెమెరాకి డబ్బుంటే అప్పుడు నడిగీత సూటిలో పెట్టుకోండి. అమ్మాయిల కోర్టు చిన్నది, స్తంభాలు మళ్ళీ కొలిచి జరపాలి; బద్ధకించి వదిలేస్తే పైన చెప్పిన లెక్కంతా వృథా.

స్తంభానికి మన సముద్రం వైపు దొరికే సరుగుడు కర్ర భేషుగ్గా సరిపోతుంది. రెండడుగులు పాతి, మూడు వైపులా తాళ్ళు లాగి కట్టాలి. షామియానా గుంజకి మాత్రం కట్టొద్దు, జనం పట్టుకుని వేలాడతారు, గాలికి గుడ్డతో పాటు కెమెరా కూడా ఊగుతుంది. యూఎస్‌బీ తీగ మామూలుగా 5 మీటర్లు దాటితే సిగ్నల్ నిలవదు. ల్యాప్‌టాప్ రెండు స్తంభాల మధ్యలో ఉన్నా పక్కకి 4.75, పైకి 3, మొత్తం ఏడున్నర మీటర్ల పైమాటే. లోపల బూస్టర్ ఉన్న యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ తీగ రెండు కొనక తప్పదు, మామూలు ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలిస్తే పని జరగదు. రెండు కెమెరాలూ ఒకే హబ్‌కి గుచ్చొద్దు, చెరో పోర్టులో పెట్టాలి. ఓబీఎస్‌లో వీడియో ఫార్మాట్ ఎంజేపీజీ ఎంచుకోవాలి. వైయూవై2 మీద ఉంటే 1080పిలో సెకనుకు నాలుగైదు ఫ్రేములు మించి రావు, బొమ్మ ఎగిరెగిరి పడుతుంది. వెబ్‌కామ్ బదులు ఫోన్ వాడదలిస్తే డ్రాయిడ్‌కామ్ లాంటి యాప్‌తో తీగ మీదే కలపండి, వైఫై వద్దు. జనం నిండిన గ్రౌండ్లో వైఫై ఎప్పుడు ఎంత ఆలస్యం చేస్తుందో చెప్పలేం.

రెండు బొమ్మల్ని ఒకే ఫైల్లో పెట్టడం ఓబీఎస్‌లో ఉన్న గొప్ప సుఖం. కాన్వాస్ 1920×2160 అని రాసి, పైన ఒక కెమెరా, కింద ఒకటి అమర్చితే చాలు. తర్వాత రెండు వీడియోలు వెతికి జత చేసే పని ఉండదు. ల్యాప్‌టాప్ పాతదైతే 1280×1440కి దిగండి, కానీ ఒకటి గుర్తుంచుకోండి: కెమెరాకి 13 మీటర్ల దూరాన ఉన్న అవతలి మూలలో, 720పి మీద ఒక్కో చుక్క (పిక్సెల్) దాదాపు సెంటీమీటరున్నర. 5 సెంటీమీటర్ల గీత మూడు నాలుగు చుక్కలే. అవతలి మూల బోనస్‌ల మీద అప్పుడు తీర్పు చెప్పకపోవడమే మర్యాద. వీడియోని కుదించే ఎన్‌కోడర్ హార్డ్‌వేర్‌ది ఎంచుకుంటే ప్రాసెసర్ మీద బరువు తగ్గుతుంది. రికార్డింగ్ ఫైలు ఎంకేవీ రకంలో ఉంచాలి. మామూలు ఎంపీ4 అయితే మధ్యలో కరెంటు పోతే ఫైలంతా తెరుచుకోకుండా పోవచ్చు, ఎంకేవీలో అప్పటిదాకా తీసింది దక్కుతుంది.

ఇక రీప్లే బఫర్. అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసి 40 సెకన్లు పెట్టాలి. రైడ్ 30 సెకన్లు, గొడవ మొదలై మీట నొక్కేదాకా ఇంకో పది. హాట్‌కీస్‌లో సేవ్ రీప్లేకి ఒక మీట కేటాయించాలి. మీట నొక్కితే గడిచిన 40 సెకన్లు విడి ఫైలుగా పడతాయి, వెనక అసలు రికార్డింగ్ ఆగదు. అందరూ తప్పేది ఇక్కడే: సెట్టింగ్స్‌లో ఆన్ చేస్తారు గానీ ముందు తెర మీద స్టార్ట్ రీప్లే బఫర్ బటన్ నొక్కరు. కీలకమైన రైడ్ అయ్యాక మీట నొక్కితే ఏమీ పడదు. ప్రతి హాఫ్ మొదట్లో ఒకసారి ఉత్తినే నొక్కి ఫైలు పడిందో లేదో చూడటం అలవాటు చేసుకోవాలి. రెండు కెమెరాలకీ కనిపించేలా ఒకడు నడిగీత మీద నిలబడి చప్పట్లు కొడితే, చేతులు కలిసిన ఫ్రేము రెండింట్లో ఒకటేనా కాదా తెలుస్తుంది. తేడా ఉంటే బొమ్మ ముందుగా వస్తున్న కెమెరాకి రెండర్ డిలే ఫిల్టర్ వేసి సరిచేయొచ్చు.

పడిన ఫైలుని కినోవియాలో తెరవాలి. వీఎల్‌సీ చాలదా అంటే, వీఎల్‌సీ మూడో వరసలో ఒక ఫ్రేము ముందుకి వెళ్ళొచ్చు గానీ ఒక ఫ్రేము వెనక్కి రావడం లేదు. తీర్పుకి కావాల్సింది అదే, ముందుకీ వెనక్కీ పదిసార్లు. కినోవియాలో బాణం మీటలతో రెండు వైపులా జరగొచ్చు, భూతద్దం పెట్టి పాదం దగ్గరికి పోవచ్చు. గీత గీసే పరికరం కూడా ఉంది, కానీ దాన్ని తీర్పుకి వాడొద్దు. వెడల్పు లెన్సుల్లో తెర అంచున తిన్నని గీత కూడా వంగుతుంది, దాని మీద మనం గీసిన తిన్నని గీత కొత్త తగాదా పుట్టిస్తుంది. చేయి తిరిగినవాడికి మీట నొక్కిన దగ్గర్నుంచి తీర్పు ఫ్రేము తెర మీదికి రావడానికి అర నిమిషం పడుతుంది. విండోస్ తప్ప వేరేదాంట్లో కినోవియా నడవకపోవడం ఒక్కటే చెప్పుకోదగ్గ లోటు.

మ్యాట్ మీద ఇంత వరకు బాగుంటుంది. మట్టి కోర్టులో సున్నం గీత రెండో హాఫ్‌కి సగం చెరిగిపోతుంది, లేని గీతని ఏ కెమెరా చూపించలేదు. 5 నిమిషాల విరామంలో గీతలు మళ్ళీ వేయించడం కెమెరా కన్నా ముఖ్యం. జనవరి మంచుకి లెన్సు మీద తేమ పడుతుంది, హాఫ్‌కి ఒకసారి మెత్తని గుడ్డతో తుడవాలి.

ఇప్పుడు కాగితం సంగతి. రగ్బీ మన వైపు ఆడేది తక్కువే. 2025లో రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడబట్టి పేరైనా కొందరి చెవిన పడింది. చెడుగుడులోంచి కూత తీసేసి చేతికి కోడిగుడ్డు ఆకారం బంతి ఇచ్చినట్టుంటుంది. పట్టడం, విడిపించుకోవడం, చివరికి గీత అవతల బంతిని నేలకి ఆనించడం, దాన్ని ట్రై అంటారు. తెర ముందు కూర్చుని రెఫరీకి సాయపడేవాణ్ణి టీఎంఓ అంటారు. వాళ్ళ దగ్గర మన ఊహకందని కెమెరాలున్నాయి. అయినా గొడవలు తగ్గలేదు. అవి ఎక్కడ పుట్టాయో చూస్తే మన కాగితం మీద ఏం రాయాలో తెలుస్తుంది.

2007 ప్రపంచకప్ ఫైనల్లో ఇంగ్లండ్ ఆటగాడు మార్క్ కుయెటో మూలలో బంతి ఆనించాడు. రెఫరీ అలైన్ రోలాండ్ టీఎంఓ స్టువర్ట్ డికిన్సన్‌ని అడిగాడు. అంతకు ముందే కాలు పక్కగీతకి తగిలిందని తేలి ట్రై ఇవ్వలేదు, దక్షిణాఫ్రికా 15-6తో గెలిచింది. ఇంగ్లండ్ వాళ్ళు చాలా కాలం గొణిగారు గానీ, అది వీడియోకి తగిన ప్రశ్న: కాలు, గీత, అవునా కాదా. మన బోనస్ లైన్ ప్రశ్న కూడా ఈ జాతిదే.

2015 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో స్కాట్లండ్ మీద ఆస్ట్రేలియా ఒక పాయింటు తేడాతో, 35-34తో గెలిచింది. చివర్లో రెఫరీ క్రెయిగ్ జూబేర్ ఇచ్చిన పెనాల్టీయే తేడా. అది తప్పనీ, స్క్రమ్ (రెండు జట్లూ భుజాలు కలిపి తోసుకుంటూ బంతి కోసం పోటీపడటం) ఇవ్వాల్సిందనీ ఆ ఆట పాలక సంస్థ వరల్డ్ రగ్బీయే తర్వాత ఒప్పుకుంది. మరి టీఎంఓని ఎందుకు అడగలేదు? అప్పటి నిబంధనల్లో అలాంటి సందర్భానికి అడిగే వీల్లేదు. అడగదగ్గ ప్రశ్నల పట్టీలో లేదు కాబట్టి తప్పు తప్పుగానే ఉండిపోయింది. మన కాగితంలో మొదటి మాట ఆ పట్టీయే, పెట్టుకుంటే ఈ ధర కట్టాలి. ఒప్పుకుని పెట్టుకోవాలి, మ్యాచ్ మధ్యలో "ఈ ఒక్కసారికి చూద్దాం సార్" అంటే లొంగకూడదు.

లొంగితే ఏమవుతుందో 2023 ప్రపంచకప్ ఫైనల్ చూపించింది. న్యూజిలాండ్ ఆటగాడు ఆరన్ స్మిత్ చేసిన ట్రైని టీఎంఓ టామ్ ఫోలీ చెప్పిన మీదట రద్దు చేశారు. దానికి చాలా ముందు లైనవుట్‌లో (పక్కగీత దాటిన బంతిని మళ్ళీ ఆటలోకి విసిరేటప్పుడు) బంతి ముందుకి జారిన మాట నిజమే. కానీ అలాంటి తప్పు కోసం ట్రైకి ముందు రెండు ఫేజ్‌ల (ఫేజ్ అంటే ఒక పట్టుకీ ఇంకో పట్టుకీ మధ్య ఆట) దాకానే వెనక్కి వెళ్ళాలని నియమం, వాళ్ళు అంతకన్నా వెనక్కి వెళ్ళారు. దక్షిణాఫ్రికా 12-11తో గెలిచింది. బొమ్మ నిజం చెప్పింది, అయినా ఆ తీర్పు మీద అనుమానం మిగిలిపోయింది. అందుకని మన కాగితంలో రెండో మాట: రివ్యూ ఆ రైడ్‌కే. కూతకి బయల్దేరిన దగ్గర్నుంచి విజిల్ దాకా. ముందు రైడ్‌లో ఏం జరిగిందో ఎంత స్పష్టంగా కనపడినా తిరగతోడకూడదు.

మూడో మాట, వీడియో చూడకముందే రెఫరీ తన తీర్పు మైకులో చెప్పేయాలి. 2024 ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలో ఫ్రాన్స్ మీద స్కాట్లండ్ ఆడిన మ్యాచ్ ఆఖరి క్షణాల్లో శామ్ స్కినర్ బంతితో గీత అవతల పడ్డాడు, మీద నలుగురైదుగురు. రెఫరీ నిక్ బెర్రీ మైదానంలో ఇచ్చిన తీర్పు ట్రై కాదని. బంతి నేలకి ఆనినట్టే ఉందని చూసినవాళ్ళు చాలామంది అన్నారు, కానీ తీర్పు తిప్పేంత స్పష్టత దొరకలేదన్నారు. ఫ్రాన్స్ 20-16తో గెలిచింది. రెఫరీ మొదట ట్రై అని ఉంటే అదే బొమ్మతో అది ట్రైగా నిలబడేది. కఠినంగా కనపడుతుంది గానీ, మన కోర్టులో ఇది రోజూ జరిగేదే: 3 మీటర్ల ఎత్తు కెమెరాకి 8 మీటర్ల దూరంలో రైడర్ కాలుంటే, రెండు మీటర్లు ఇటువైపు నిలబడ్డ డిఫెండర్ తొడ దాన్ని కప్పేస్తుంది. అప్పుడు దేని మీద నిలబడాలో ముందే తెలిసుండాలి. మొదటి తీర్పు లేకుండా నేరుగా తెర ముందుకి పరిగెత్తే అంపైర్, కాలు కనపడకపోతే జనం కేకల్ని బట్టి చెప్పాల్సి వస్తుంది.

అడగదగ్గ ప్రశ్నలు మూడు చాలు. బోనస్ లైన్ దాటిన కాలు అవతల ఆనినప్పుడు వెనక కాలు గాల్లో ఉందా? రైడర్ బాక్ లైన్ దాటాడా? ఎవరి కాలైనా ఎండ్ లైన్ బయట ఆనిందా? బోనస్‌కి ఎదురుగా ఆరుగురైనా డిఫెండర్లు ఉండాలి కాబట్టి ఆ లెక్క అదే క్లిప్పులో చూసుకోవచ్చు. కూత, వేలి టచ్, జెర్సీ పట్టు, వీటిని రాయొద్దు. డీజే పాటల మధ్య కెమెరా మైకుకి కూత ఎలాగూ వినపడదు. జట్టుకి హాఫ్‌కి ఒక రివ్యూ, గెలిస్తే ఉంటుంది, ఓడితే పోతుంది. తెర ముందు 90 సెకన్లు, దాటితే మొదటి తీర్పే. రగ్బీలో పసుపు కార్డుని ఎరుపు చేయాలా వద్దా అన్నది తేల్చడానికి బంకర్‌లో, అంటే మైదానం బయట తెరల ముందు కూర్చున్న అధికారికి, 8 నిమిషాలిస్తారు, కానీ ఆ 8 నిమిషాలూ ఆట నడుస్తూనే ఉంటుంది. మన దగ్గర ఆట ఆగిపోతుంది, జనం కోర్టులోకి వచ్చేస్తారు.

వీడియోతో తేలని తగాదా ఇంకోటుంది, అది కబడ్డీలోనే జరిగింది. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల పురుషుల ఫైనల్. ఇండియా, ఇరాన్ 28-28 మీదున్నాయి. ఆఖర్లో ఇండియా రైడర్ పవన్ సెహ్రావత్ ఎవర్నీ తాకకుండానే లాబీలోకి, అంటే కోర్టు పక్క పట్టీలోకి, వెళ్ళాడు, ఇరాన్ డిఫెండర్లు వెంటపడి లాబీలోకి వచ్చారు. ఏం జరిగిందో అందరికీ కనపడింది, దాని మీద తగాదా లేదు. పాత రూల్ ప్రకారం వెంట వచ్చిన డిఫెండర్లు కూడా అవుట్, కొత్త రూల్ ప్రకారం రైడర్ ఒక్కడే. ఏ రూల్ వర్తిస్తుందన్నది తేలక దాదాపు గంటసేపు ఆట ఆగింది, చివరికి ఇండియా 33-29తో గెలిచింది. మన టోర్నీల్లో సగం మంది కుర్రాళ్ళు టీవీలో ప్రో కబడ్డీ చూసి ఆ రూళ్ళతో వస్తారు, పెద్ద అంపైర్లు పాత పుస్తకంతో వస్తారు. లాబీకి ఏ రూలో డ్రా తీసే రోజునే కాగితం మీద రాసి ఇద్దరు కెప్టెన్ల సంతకాలు తీసుకోవాలి.

తెర ముందు కూర్చునే మనిషి ఆడుతున్న రెండు ఊళ్ళలో ఏ ఊరివాడూ కాకూడదు, మీట నొక్కేవాడు వేరు, తీర్పు చెప్పేవాడు వేరు ఉండాలి. తెరని జనానికి కనపడకుండా మూడు వైపులా గుడ్డ కట్టాలి. తీర్పు చెప్పాక కావాలంటే ఆ క్లిప్పు పెద్ద తెర మీద వేయండి, ముందు మాత్రం వద్దు. రెఫరీ అడిగే ప్రశ్న మాత్రం మైకులో అందరికీ వినపడాలి. రగ్బీ నుంచి తెచ్చుకోవాల్సిన మంచి అలవాటు ఇది: "నా తీర్పు బోనస్ లేదు. వెనక కాలు గాల్లో ఉందో లేదో చూడండి" అని ఒక్క వాక్యం వినపడితే, కోర్టు చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అదొక్కటే చూస్తారు.

మార్కులేయమంటే గీతలకి ఐదులో నాలుగు, టచ్‌లకి ఐదులో ఒకటి, కూతకి సున్నా. జిల్లా స్థాయి టోర్నీకి, అదీ మ్యాట్ మీద ఆడితే తప్పకుండా పెట్టొచ్చు. ఒక్క రాత్రి, నాలుగు జట్లు, మట్టి కోర్టు అయితే ఆ డబ్బుతో ఇంకో అనుభవం ఉన్న అంపైర్‌ని పిలిపించుకోండి.

చివరిగా క్లిప్పులు. మ్యాచ్ నంబరు, హాఫ్ పేరుతో ఫోల్డరులో పెట్టి, టోర్నీ అయ్యాక వారం దాకా కమిటీ దగ్గరే ఉంచాలి, ఆపరేటర్ ఫోన్లోకి ఎక్కించకూడదు. టామ్ ఫోలీ ఆ 2023 ఫైనల్ తర్వాత ఆన్‌లైన్ తిట్లూ బెదిరింపులూ భరించలేక అంతర్జాతీయ మ్యాచులు వదిలేసుకున్నాడు. మన అంపైర్ మర్నాడు పొద్దున టీ తాగేది కూడా ఆ ఊరి బస్టాండులోనే.